గ్రాంట్ రోడ్ నాటకశాల చరిత్ర ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

చందాదారులకు, కామాటిపుర తెలుగు కుటుంబాలకు నమస్కారం. బొంబాయి గ్రాంట్ రోడ్ నాటకశాల చరిత్ర మీద మేం పెట్టిన ప్రదర్శనకు, వేసిన పుస్తకానికి లెక్కలు చెప్పడం లేదని, డబ్బంతా కాగితాలకే తగలేశారని మాట వచ్చింది కనుక పూర్తి వివరం ఇస్తున్నాం.

జమ: 96 మంది చందాలు రూ. 1,42,500, పుస్తకాల అమ్మకం రూ. 11,200. మొత్తం రూ. 1,53,700. ఇచ్చిన ప్రతి చేతికీ కృతజ్ఞతలు.

ఖర్చు: పందిరి, కుర్చీలు, మైకు రూ. 21,000. టీ, ఫలహారాలు రూ. 6,400. ప్రదర్శన పటాలు రూ. 24,800. పుస్తక ముద్రణ రూ. 48,000. పాత పత్రికలు, మ్యాపుల నకళ్లు రూ. 41,500. మొత్తం రూ. 1,41,700. నిల్వ రూ. 12,000.

గొడవంతా నకళ్ల పద్దు మీదే. బొంబాయి గ్రీన్ దగ్గరి పాత నాటకశాల పోయాక, బొంబాయి వర్తకుడు జగన్నాథ్ శంకర్‌సేట్ ఇచ్చిన స్థలంలో 1846లో తెరిచిన భవనం ఈ గ్రాంట్ రోడ్ నాటకశాల. 1853లో విష్ణుదాస్ భావే మరాఠీ నాటకాలు ఆడింది ఇక్కడే. అదే ఏడాది పార్శీ నాటక మండలి తెర ఎత్తిందీ ఇక్కడే. ఇవాళ చూపించడానికి గోడ లేదు, గుమ్మం లేదు. పాత కాగితాల నకళ్లు తీయించకపోతే ప్రదర్శనలో ఏం పెట్టాలి? ఆ పత్రికలు మడత దగ్గర చిట్లిపోతున్నాయి, అంచులు పొడిగా రాలుతున్నాయి. నకలు తీసే యంత్రం మీద అదిమితే ముక్కలవుతాయని ఒక్కో పుట కెమెరాతో తీయించాం. దానికే ఖర్చు, దానికే ఆలస్యం. దసరాకు రావలసిన పుస్తకం సంక్రాంతికి వచ్చింది అందువల్లే.

ఈ నాటకశాలను మన కామాటీలే, అంటే బొంబాయికి పనులకు వచ్చిన తెలుగు కూలీలే, కట్టారని రాస్తేనే చందా ఇస్తామని కొందరు పట్టుబట్టారు. బొంబాయి కట్టడాల్లో మనవాళ్ల చెమట ఉందన్నది నిజం, పుస్తకంలో రాశాం. ఈ భవనానికి మాత్రం ఆధారం చూపమన్నాం, ఎవరూ చూపలేదు, రాయలేదు. మనకు నిజంగా సంబంధం ఉన్న సంగతికి నాలుగు పుటలిచ్చాం: 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ఆడి వెళ్లాక, వాళ్లు విడిచిన పాకలోనే వీరేశలింగం గారు తెలుగు నాటకం ఆడించారు. అంతకన్నా గర్వం ఏం కావాలి?

సభలో చేయెత్తి ఒప్పుకున్న రూ. 27,000 ఇంకా రాలేదు. అడిగితే ముందు లెక్క చూపమన్నారు. చూపాం. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఏ ఆదివారమైనా వచ్చి చూడవచ్చు. బాకీ అందితే అయిపోయిన పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయిస్తాం.