యూటా శిలాతోరణాల గురించి మిత్రుడికి

ప్రియ మిత్రమా,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వచ్చే ఏడాది అమెరికా వచ్చినప్పుడు యూటా రాష్ట్రంలోని ఆర్చెస్ నేషనల్ పార్కు చూద్దామని నేనంటే, "రాళ్ళు చూడటానికి అంత దూరం పోవాలా, మన తిరుపతిలో కొండలు లేవా?" అన్నావు. ఈ వసంతంలో మేము డెన్వర్ నుంచి కారులో వెళ్ళి ఆ పార్కును తీరిగ్గా చూసి వచ్చాము కాబట్టి, నీకు సావకాశంగా జవాబు రాయాలనిపించింది.

ముందు నీ తిరుపతి సంగతే తేల్చాలి. తిరుమలలో శిలాతోరణం చూడబోయినప్పుడల్లా, ఇలాంటివి ప్రపంచంలో మూడే ఉన్నాయనీ, తక్కిన రెండూ అమెరికాలో ఒకటి, ఇంగ్లండులో ఒకటి ఉన్నాయనీ మనకు చెప్పేవారు. ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. ఆ లెక్క ఎవరు కట్టారో గానీ, ఈ ఒక్క పార్కులోనే రెండు వేలకు పైగా తోరణాలు నమోదయ్యాయి. రాతిలో పడిన రంధ్రం ఏదో ఒక దిశలో కనీసం మూడు అడుగులు ఉంటే తప్ప దానిని తోరణంగా లెక్కలోకి తీసుకోరు. మన తోరణం ఎనిమిది మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు కలది కనుక ఈ జాబితాలో దానికి నిస్సందేహంగా చోటు దక్కేది. అంతమాత్రాన మనది తక్కువదని నేను అనడం లేదు. మనది గట్టి క్వార్ట్జైట్ రాయి, దాని వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఇక్కడి తోరణాలు ఏర్పడిన ఎంట్రాడా అనే ఇసుకరాయి వయసు అందులో అయిదో వంతు కూడా ఉండదు. ఇంకొక మాట. మనవాళ్ళు అమెరికా తోరణంగా చెప్పే రెయిన్‌బో బ్రిడ్జి అసలు ఈ పార్కులోనే లేదు. అది యూటాలోనే దక్షిణాన, వాగు కోసుకుపోగా ఏర్పడిన సహజమైన వంతెన. ఈ పార్కులోని తోరణాలను ఏ వాగూ కోయలేదు.

మరి ఎవరు చెక్కారని అడుగుతావు. గాలి అని నేను కూడా అనుకునేవాణ్ణి, చూడవచ్చినవాళ్ళలో చాలామంది అలాగే అనుకుంటారు. అయితే కథంతా ఉప్పుతో మొదలవుతుంది. సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట ఈ ప్రాంతంలో ఉన్న సముద్రం పదే పదే ఎండిపోగా అడుగున వేల అడుగుల మందాన ఉప్పు పేరుకుపోయింది. తరువాత దాని మీద ఇసుక, మట్టి, రాళ్ళు చేరి గట్టిపడ్డాయి. ఉప్పు చూడటానికి గట్టిదే అయినా, పైన అంత బరువు పడితే నిలకడగా ఉండలేదు; జంతికల గొట్టంలో నొక్కిన పిండి లాగా, ఒత్తిడి తక్కువ ఉన్న వైపుకు పారిపోతుంది. అలా పారిన ఉప్పు కొన్ని చోట్ల పైకి ఉబికి మీది రాతిపొరలను వంచింది, పగులగొట్టింది. ఆ తరువాత నీరు దిగి ఉప్పును కరిగించినప్పుడు కొన్ని చోట్ల నేల లోపలికి కుంగింది. ఈ ఉబకడంలోనూ కుంగడంలోనూ ఇసుకరాయి నిలువునా, వరుసగా, ఒకదానికొకటి సమాంతరంగా పగుళ్ళు తీసింది. ఆ పగుళ్ళు వెడల్పై, మధ్యలో సన్నని రాతిగోడలు మిగిలాయి. డెవిల్స్ గార్డెన్ అనే భాగంలో అలాంటి గోడల నడుమ నడుస్తుంటే, మన కాళ్ళ కింద ఎక్కడో ఉన్న ఉప్పు ఇంత పని చేసిందంటే నమ్మకం కుదరదు.

ఇక గోడకు రంధ్రం పెట్టేది నీరు. ఏడాదికి ఎనిమిది నుంచి పది అంగుళాల వాన కురిస్తే ఇక్కడ గొప్ప. మన అనంతపురంలో పడేదానిలో సగం కూడా కాదు. అయినా ఆ కొద్ది నీరే ఇసుకరేణువులను పట్టి ఉంచే సున్నపు బంధాన్ని నెమ్మదిగా కరిగిస్తుంది, చలికాలంలో పగుళ్ళలో గడ్డకట్టి ఉబ్బి రాతిని పెచ్చులుగా ఊడదీస్తుంది. ఎంట్రాడా రాయి కింద ముడతలు పడినట్లుండే మెత్తని పొర ఒకటి ఉంది. అది ముందుగా అరిగిపోతే పైనున్న గట్టి రాయి ఆధారం లేకుండా మిగులుతుంది. బ్యాలెన్స్‌డ్ రాక్ దగ్గర ఇది కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. మొత్తం 128 అడుగుల ఎత్తు. మెత్తని పీఠం మీద సుమారు 3,600 టన్నుల బండ. దాని పక్కనే చిన్న బండ ఇంకొకటి ఉండేదట, 1975-76 చలికాలంలో పడిపోయింది. పెద్దది కూడా ఏదో ఒకనాడు దిగక తప్పదు.

అసలు ఇక్కడ ప్రతి తోరణమూ కూలడానికి ముందున్న దశలోనే ఉంది. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ అనేది 306 అడుగుల పొడవున గాలిలో సాగిన సన్నని రాతిపట్టీ. ఉత్తర అమెరికాలో ఇంత పొడవైన తోరణం మరొకటి లేదు. 1991 సెప్టెంబరులో దాని అడుగు వైపు నుంచి అరవై అడుగుల పెచ్చు ఊడి పడింది. కింద కూర్చున్న యాత్రికులు రాయి చిట్లుతున్న చప్పుడు విని పరుగెత్తి బతికిపోయారు. ఇప్పుడు దాని కిందికి ఎవరినీ పోనివ్వడం లేదు, దూరం నుంచే చూడాలి. అదే దారిలో ఉండే వాల్ ఆర్చ్ 2008 ఆగస్టులో పూర్తిగా కూలిపోయింది.

డెలికేట్ ఆర్చ్ గురించి వేరే చెప్పాలి. యూటా కార్ల నంబరు పలకల మీద కనిపించేది ఇదే. రానూపోనూ మూడు మైళ్ళ నడక, చాలావరకు నీడలేని నున్నటి బండ మీద ఎక్కుడు. చివర బండ అంచునే రెండు వందల గజాలు నడిచి మలుపు తిరిగేదాకా తోరణం జాడ తెలియదు. తిరిగాక, పెద్ద రాతి పళ్ళెపు అంచున ఒంటరిగా, 52 అడుగుల ఎత్తున నిలిచి ఉంటుంది. ఫోటోలలో ఎన్నో సార్లు చూసినదే కదా, ఇంకేముంటుందిలే అనుకుంటూ ఎక్కాను గానీ, అక్కడ మాట రాలేదు. 1950ల్లో దీనికి పారదర్శకమైన ప్లాస్టిక్ పూత పూసి అరగకుండా కాపాడాలని అధికారులు ఆలోచించి, ఆచరణకు కుదరదనీ తమ సూత్రాలకు విరుద్ధమనీ మానుకున్నారు. మానుకొని మంచిపని చేశారు. తోరణాన్ని చేసిన నీటినే అడ్డగించి తోరణాన్ని కాపాడటం నాకైతే ఎబ్బెట్టుగానే తోస్తుంది.

ఆ దారి మొదట్లోనే చిన్న కొయ్యగుడిసె ఉంది. ఒహాయో నుంచి జాన్ వెస్లీ వోల్ఫ్ అనే మాజీ సైనికుడు, అమెరికా అంతర్యుద్ధంలో దెబ్బతిన్న కాలితో, పొడి వాతావరణం వెతుక్కుంటూ 1898 ప్రాంతంలో కొడుకుతో వచ్చి పశువులను మేపుకుంటూ బతికాడు. 1906లో కూతురు వచ్చి వారి కాపురం చూసి నివ్వెరపోతే, ఆమె కోసం కొయ్య పరిచిన నేలతో ఈ కొత్త గుడిసె కట్టాడు. పక్కనే బండ మీద ఇక్కడి ఆదివాసులైన యూట్ తెగవారు చెక్కిన బొమ్మలున్నాయి. గుర్రాల మీద మనుషులున్నారు కాబట్టి స్పెయిన్ వారితో గుర్రాలు వచ్చిన తరువాతివేనని తేలిపోతుంది. 1650కీ 1850కీ మధ్యవిగా అంచనా.

ఒక్క జాగ్రత్త మాత్రం పిల్లలకు ముందే చెప్పి ఉంచు. దారి పక్కన నల్లగా గరుకుగా కనిపించే నేల మట్టి కాదు, సూక్ష్మజీవులు అల్లిన పెంకు. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేదీ, మొక్కలకు నత్రజని అందించేదీ అదే. ఒక్క అడుగు పడితే అది మళ్ళీ కుదురుకోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది.

రావడానికి ఏప్రిల్ గానీ అక్టోబరు గానీ పెట్టుకో. ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటుతుంది, లోపల తిండి దొరకదు, నీళ్ళు కూడా ఒకటి రెండు చోట్లే. ముందుగా ప్రవేశ సమయం రిజర్వు చేసుకునే పద్ధతిని 2022లో మొదలుపెట్టారు. నిబంధనలు మారుతుంటాయి కనుక మీ టిక్కెట్లు ఖాయమయ్యాక నేనే చూసి చెబుతాను. బస ఎలాగూ అయిదు మైళ్ళ దూరంలోని మోయాబ్ ఊళ్ళోనే. వదినకు మోకాళ్ళ నొప్పులన్నావు కదా, విండోస్ అనే చోట డబుల్ ఆర్చ్ దగ్గరికి దాదాపు సమతలపు దారే ఉంది, డెలికేట్ ఆర్చ్‌ను కింది నుంచి చూసే చోటు కూడా కారు నిలిపిన చోటికి వంద గజాలే. కాబట్టి ఆమెను ఇంట్లో వదిలి వస్తానని మాత్రం రాయకు. సెలవుల తేదీలు తెలిస్తే వెంటనే జాబు రాయి.

ఇట్లు,
నీ బాల్యమిత్రుడు