పూల లోయ టూరు: ఈసారి బస ఎక్కడ, రేటు ఎందుకు పెరిగింది

జులై, ఆగస్టుల్లో మాతో ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి రావడానికి అడ్వాన్సు కట్టినవాళ్లకీ, కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ రెండు మార్పులు చెప్పాలి. రెండూ రాత్రి బస గురించే. వీటివల్ల మనిషికి మూడు వేలు పెరుగుతోంది. కారణం చెప్తాను, విన్నాక మీ ఇష్టం.

ఫోన్ చేసినవాళ్లు ముందుగా అడిగేది "లోయలోనే రిసార్టు ఏమైనా ఉందా అండీ?" అని. లేదు, ఉండే వీలు కూడా లేదు. అది 1982 నుంచి నేషనల్ పార్క్, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. లోపల రాత్రి ఉండనివ్వరు, టెంటు కూడా వేయనివ్వరు. పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రానికల్లా గేటు బయట ఉండాలి. ఇక మీరు పంపే లింకుల్లో ఎక్కువ భాగం జోషీమఠ్ దగ్గరి కొండ విడిది ఔలీలోని హోటళ్లవి. ఔలీ బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ దిగి లోయ చూసి రాత్రికి తిరిగి రావడం అయ్యే పని కాదు. గోవింద్‌ఘాట్‌లో మెయిన్ రోడ్డు వదిలేసి జీపులో నాలుగు కిలోమీటర్లు పుల్నా దాకా వెళ్లాలి. ఆపైన సుమారు పది కిలోమీటర్లు నడకే, లేదంటే కంచరగాడిద.

ఆ నడక చివర వచ్చే ఊరు ఘాంఘరియా. మూడు వేల మీటర్లకు పైన ఉంటుంది. లోయకు దగ్గర్లో రాత్రి ఉండగలిగేది అక్కడే, అందుకే సీజన్లో గదులకి అంత గిరాకీ. ఇన్నాళ్లూ అక్కడ రెండు రాత్రులు పెట్టేవాళ్లం, ఇప్పుడు మూడు చేశాం. మొదటి మార్పు ఇదే.

లెక్క చూడండి. పైకి చేరేసరికే మధ్యాహ్నం దాటుతుంది, లోయ గేటులోకి రెండింటి తర్వాత పంపరు. కాబట్టి ఆ రోజు అయిపోయినట్టే. రెండో రోజు లోయ. ఇక రెండు రాత్రులే అయితే, మూడో రోజు సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్‌కి ఆరు కిలోమీటర్లు ఎక్కి, దిగి, అదే రోజు మళ్లీ పుల్నా దాకా పది కిలోమీటర్లు దిగాలి. ఆ ఆరు కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతాం. పాతికేళ్ల కుర్రాళ్లకి పర్వాలేదు. మన గ్రూపుల్లో యాభై దాటినవాళ్లే ఎక్కువ, దిగేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి. పైగా పూలు బాగా ఉండే జులై, ఆగస్టుల్లోనే వానలూ. వాన పట్టిందని దారి మూసేస్తే, రెండు రాత్రుల ప్లాన్‌లో లోయో హేమకుండో ఒకటి వదులుకోవాల్సిందే.

గదుల గురించి దాచను. మంచం, రజాయి, అటాచ్డ్ బాత్రూమ్ ఉంటాయి. గీజర్ ఉన్నా కరెంటు ఎప్పుడు ఉంటుందో నమ్మలేం, వేడినీళ్లు బకెట్‌కి ఇంత అని డబ్బిచ్చి తెప్పించుకోవాలి. గోడలు చెమ్మగా ఉంటాయి, తడిసిన బట్టలు ఆరవు. ఫోన్ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు. పప్పన్నం, రాజ్మా, పరాఠాలు దొరుకుతాయి. ప్రతి బస్తా గాడిద మీదో మనిషి వీపు మీదో పైకెక్కాలి కాబట్టి ఏదైనా కింద కన్నా ఖరీదే. గురుద్వారాలో మాత్రం బస, లంగర్ భోజనం ఎవరికైనా ఉచితం. యాత్రికుల రద్దీలో హాల్లో సర్దుకుని పడుకోగలిగితే మీకు మా ప్యాకేజీ అవసరమే లేదు, సొంతంగా హాయిగా వెళ్లి రావచ్చు.

రెండో మార్పు: హరిద్వార్ నుంచి బయల్దేరిన రోజు రాత్రి బస జోషీమఠ్‌లో కాదు, పీపల్‌కోటిలో. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి వందల ఇళ్లు పగుళ్లిచ్చిన సంగతి మీకు తెలిసిందే. అక్కడ హోటళ్లు నడుస్తూనే ఉన్నాయి, చాలా టూర్లు అక్కడే దిగుతున్నాయి, వాళ్లది తప్పని నేననను. నాకు మాత్రం గ్రూపుని అక్కడ పడుకోబెట్టి నిద్ర పట్టదు. పీపల్‌కోటి ముప్పై అయిదు కిలోమీటర్లు ముందే వస్తుంది. దీనివల్ల మీకు పడే ఇబ్బంది ఒకటే, మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకే బండి ఎక్కాలి. బద్రీనాథ్ దర్శనం అయ్యాక తిరుగు దారిలో కూడా అక్కడే ఆగుతాం.

రైలు, విమానం ఏర్పాట్లు ఎప్పటిలాగే. పెరిగిన మూడు వేలల్లో ఎక్కువ భాగం ఆ మూడో రాత్రి గదికీ భోజనానికీ పోతుంది, కొంత మాకూ మిగులుతుంది. ఇది వద్దనుకున్నవాళ్లు జూన్ 10 లోపు చెప్తే అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాం. ఆ తేదీ దాటితే ఘాంఘరియా హోటల్‌కి డబ్బు కట్టేసి ఉంటాం, వెనక్కి రాదు. ఒక్కరికే విడిగా గది కావాలన్నా, నడవలేని పెద్దవాళ్లు మీతో వస్తున్నా ఇప్పుడే చెప్పండి. లోయలోకి గాడిదల్ని రానివ్వరు, బుట్టలో మోసుకెళ్లే మనుషుల్ని ముందే మాట్లాడుకోవాలి.