వాసూ, నీ గ్రీన్ కార్డుకి లేబర్ వేశారా లేదా?

చి. వాసుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నకి మోకాలు కాస్త నయం. డాక్టరు నడవమన్నంత నడవరు, ఎక్కొద్దన్న మెట్లు మాత్రం ఎక్కుతారు. సత్యం తాతయ్య వాళ్ళ ఇల్లు బేరం మళ్ళీ చెడింది. లల్లీకి సంబంధం కుదిరేలా ఉంది గానీ అవతలివాళ్ళు ఏదీ తేల్చి చెప్పరు. ఫోన్లో అయితే నువ్వు "మీటింగుందమ్మా" అని పెట్టేస్తావు కనక తీరిగ్గా రాస్తున్నాను. పెద్ద విషయమేమీ లేదు.

మొన్న రాధ పిన్ని ఇంట్లో వ్రతానికి శిరీష వాళ్ళాయన వచ్చాడు. మాటల్లో మాటగా, "వాసు వాళ్ళ కన్సల్టెన్సీలో గ్రీన్ కార్డు ఫైలు కదలాలంటే మనిషే డబ్బు కట్టుకోవాలట కదండీ, జీతంలో నెలనెలా కోసేస్తారట" అన్నాడు. నలుగురి ముందూ. "ఏమో బాబూ, మావాడు అలాంటివేం చెప్పడు" అన్నాను. అబద్ధమా? దీపావళి దగ్గర్నుంచీ ఎప్పుడడిగినా "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనే కదా నువ్వనేది. ట్రెజరీలో జుట్టు నెరిసినదాన్ని. ప్రాసెస్‌లో ఉందంటే ఆ ఫైలు ఎవరి బల్ల మీదా లేదని నాకు తెలుసు.

సర్లే, అది వదిలెయ్. మెడనొప్పి ఎలా ఉంది? ఆ ఎత్తు దిండు తీసి పారెయ్యమన్నాను, పారేశావా? వీడియోలో నీ వెనకాల మంచం మీద అదే కనిపించింది.

నీకు తెలియదని కాదు, నేను కనుక్కున్నది చెబుతున్నాను. గ్రీన్ కార్డుకి తొలి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్‌కి అయ్యే లాయరు ఫీజు, ప్రకటనల ఖర్చు అన్నీ కంపెనీయే పెట్టుకోవాలని 2007 నుంచీ రూలుంది. ఉద్యోగి దగ్గర తీసుకోకూడదు, జీతంలో కొయ్యకూడదు, తర్వాత తిరిగి కట్టమని సంతకం పెట్టించుకోకూడదు. లేబర్ తర్వాత కంపెనీ నీకోసం వేసే ఐ-140 పిటిషను ఫీజు సంగతి వేరు, అది నువ్వు కట్టుకున్నా తప్పులేదట. కానీ లేబర్ డబ్బు అడిగితే మాత్రం ఆ అడిగినవాడి మిగతా పనులు కూడా అలాగే ఉంటాయని నా అనుభవం. నువ్విచ్చావా? ఇస్తే ఇచ్చానని చెప్పు, తిట్టను.

ఆ పద్ధతి చదివి నవ్వొచ్చింది నాకు. నీ కుర్చీలో నువ్వు కూర్చుని ఉండగానే ఆ ఉద్యోగానికి రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వెయ్యాలట, అమెరికన్లెవరూ తగినవాళ్ళు దొరకలేదని చూపించాలట. దానికి ముందు ప్రివెయిలింగ్ వేజ్ అని ప్రభుత్వమే జీతం లెక్క కట్టివ్వాలి, దానికే నెలలు. లేబర్ వేశాక ఏడాది పైన. నీ హెచ్-1 ఉద్యోగ వీసా ఆరేళ్ళూ వచ్చే ఏడాది సెప్టెంబరుకి నిండుతాయి. లేబర్ వేసి 365 రోజులు దాటి ఉంటేనే ఆరేళ్ళ మీద ఏడాదేడాది పొడిగిస్తారు. అంటే ఈ సెప్టెంబరులోపు పడిపోవాలి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను, నువ్వేమో "చూద్దాంలే" అంటావు.

బాబ్జీ మావయ్య సంగతి నీకు సగమే తెలుసు. అప్పటికి నువ్వు నాలుగో ఐదో చదువుతున్నావు. లైనులో ఏ తేదీవాళ్ళ వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ ఉంటుంది కదా, 2007 జూలై బులెటిన్‌లో ఉద్యోగాల కేటగిరీలు దాదాపు అన్నీ కరెంట్ అని వేశారు. ఏళ్ళ తరబడి లైనులో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే గ్రీన్ కార్డు ఆఖరి దరఖాస్తు, 485, వేసుకోవచ్చన్నమాట. వాడు అర్ధరాత్రి ఫోన్ చేసి కేకలు పెడితే, ఎవరో పోయారనుకుని అమ్మమ్మ ఏడుపు మొదలెట్టింది. చిక్కేమిటంటే అత్తయ్య పురిటికని ఇక్కడుంది, నెలలు నిండుతున్నాయి. మనిషి అమెరికాలో ఉంటే గానీ 485 వెయ్యడానికి లేదు. విమానం ఎక్కడానికి సర్టిఫికెట్ ఇవ్వమని తాతయ్య వెళ్ళి అడిగితే డాక్టరమ్మ తిట్టి పంపించింది. ఇంతలో జూలై 2న నెంబర్లు అయిపోయాయి, ఇక తీసుకోం అనేశారు. సెలవులు పెట్టి, మెడికల్ పరీక్షలు చేయించుకుని, కాగితాలు పంపినవాళ్ళంతా లబోదిబోమన్నారు. అప్పుడే మనవాళ్ళు గాంధీగిరి అని ఇమిగ్రేషన్ డైరెక్టరు ఆఫీసుకి పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో గాయపడిన సైనికులకి పంపించేశాడు. బాబ్జీ కూడా పంపాడు. "ఇక్కడ పెళ్ళానికి మూరెడు మల్లెపూలు కొన్న పాపాన పోలేదు గానీ" అంది అమ్మమ్మ. మొత్తానికి జూలై 17న మళ్ళీ తలుపు తీశారు, ఆగస్టు 17 దాకా. అమూల్య ఆ ఆగస్టులోనే పుట్టింది. వాడొక్కడే వేసుకున్నాడు. తర్వాత తేదీలు వెనక్కి పోయి అత్తయ్య కాగితం ఏళ్ళ తరబడి ఆగిపోయింది. మొగుడి హెచ్-1 మీద ఆధారపడ్డ ఆవిడ హెచ్-4 వీసా నిలవాలంటే, చేతిలో ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉన్నా వీడు హెచ్-1 వదలడానికి లేదు. ఆ తర్వాత కంపెనీ మారేటప్పుడు లాయరు ముందుగా అడిగింది పాత ఐ-140 అప్రూవల్ కాపీ. పాత కంపెనీ వాళ్ళు మెయిలుకి జవాబే ఇవ్వలేదు. వాడి దగ్గర ఉంది, ఎందుకంటే అప్పట్లో నేనే పోరి జిరాక్స్ తీయించాను. లైనులో చోటు చెప్పేది లేబర్ వేసిన తేదీయే కదా, ఆ పాత తేదీయే కొత్త ఫైలుకి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పిటిషను వాళ్ళది, లాయరు వాళ్ళవాడు, కాగితాలు కూడా వాళ్ళ దగ్గరే. నీకు మిగిలేది లేబర్ వేసిన తేదీ ఒక్కటే. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, ఆ తర్వాత కంపెనీ వెనక్కి తీసుకున్నా తేదీ పోదు, దాని మీద హెచ్-1 మూడేసి ఏళ్ళు పొడిగించుకోవచ్చు. కొత్త కంపెనీ లేబర్ మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలి, అయినా లైనులో నీ చోటు నీదే. కాబట్టి ఫైలు చేతిలో ఉంది కదా అని రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసే ఆ మేనేజరుకి జీవితాంతం ఊడిగం చెయ్యక్కర్లేదు. పైగా దేనికోసం? ఉద్యోగాల కోటా ఏడాదికి 1,40,000. ఏ దేశానికీ 7 శాతం దాటకూడదని 1990లో పెట్టిన రూలు. 2025 డిసెంబరు బులెటిన్‌లో ఇండియావాళ్ళ ఉద్యోగ కేటగిరీలు ఈబీ-2, ఈబీ-3 రెండూ 2013లోనే ఉన్నాయి, అంటే అప్పుడు లైనులో చేరినవాళ్ళ వంతే ఇంకా నడుస్తోందన్నమాట. ఇన్నేళ్ళ వ్యవహారానికి భయపడుతూ బతికితే ఎలా? వేళకి తిను, వేళకి పడుకో, కార్డు వచ్చాక చేద్దామని ఏదీ దాచిపెట్టకు. పెళ్ళి మాట నేనెత్తటం లేదు.

ఇక్కడ నువ్వు చేసిన మొదటి ఉద్యోగం ఎక్స్‌పీరియన్స్ లెటర్ బీరువాలో పసుపు కవర్లో దొరికింది. అందులో నువ్వు ఏ పని చేశావో ఒక్క ముక్క లేదు, తేదీలు మాత్రమే. లేబర్‌కి పని వివరం కావాలట, ఆ కంపెనీ వాళ్ళకి ఇప్పుడే రాసి తెప్పించుకో, అక్కడ నీకు తెలిసినవాళ్ళు ఉండగానే. నీ జనన ధృవపత్రంలో "మగశిశువు" అని తప్ప పేరు లేదు. మునిసిపాలిటీకి వెళ్ళి పేరు చేర్పించాను. అక్కడి గుమాస్తా "ఇంత పెద్దబ్బాయికి ఇప్పుడెందుకమ్మా" అన్నాడు. ఇంటిపేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే వేయించాను, మళ్ళీ సరిచూసుకో.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు చెప్పు. ప్రివెయిలింగ్ వేజ్ వచ్చిందా, ప్రకటనలు వేశారా, డబ్బేమైనా అడిగారా. "బాగానే ఉందమ్మా" అన్నావంటే ఫోన్ మీ నాన్నకిచ్చేస్తాను, ఆయన మోకాలి గురించి గంటసేపు వింటావు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. నీ పాస్‌పోర్టు గడువు చూసుకున్నావా? గడువు దగ్గరపడిన పాస్‌పోర్టుతో ఇక్కడికొచ్చి తిరిగి వెళితే, హెచ్-1 ఎంతవరకు ఉన్నా, అక్కడ ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే ఐ-94 పాస్‌పోర్టు గడువు దాకానే ఇవ్వొచ్చట. టికెట్టు కొనే ముందే రెన్యూవల్‌కి పెట్టు. ఫోటోకి గడ్డం గీసుకుని వెళ్ళు.