ఆ తెలివిని ఏ భాషలో కొలిచారు?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మారతహళ్లిలో మా వీధిలో అనంతపురం జిల్లా నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రీ కుటుంబం ఉంది. వారి తొమ్మిదేళ్ల అబ్బాయి చదువులో వెనకబడ్డాడని బడివారు ఐక్యూ పరీక్ష, అంటే తెలివిని అంకెల్లో కొలిచే పరీక్ష, చేయించుకు రమ్మన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పిల్లవాణ్ని ఇంగ్లీషులో ప్రశ్నలడిగి, 68 (సగటు 100) అని కాగితం చేతికిచ్చారు. దాన్ని చూసి బడివారు వేరే బడి వెతుక్కోమన్నారని వాళ్లమ్మ నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని కనుక అబ్బాయిని కూర్చోబెట్టుకుని, పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గదికి రెండడుగుల టైల్స్ ఎన్ని పడతాయని తెలుగులో అడిగాను. గచ్చు మీద వేలితో గీతలు గీసి, ‘ముప్పై సార్. డబ్బాకి నాలుగే వస్తాయి కదా, ఎనిమిది డబ్బాలు తేవాల. రెండు మిగుల్తాయి, పగిలితే పనికొస్తాయి’ అన్నాడు.

ఫ్రెంచి మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, తన సహచరుడు సైమన్‌తో కలిసి 1905లో పారిస్‌లో ఇలాంటి పరీక్షలకు మూలమైన కొలమానాన్ని తయారుచేసింది బడిలో అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి. తెలివి ఎన్నటికీ పెరగని పరిమాణమన్న వాదాన్ని 1909లో ఆయనే గట్టిగా ఖండించారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం సైతం ఇంగ్లీషు రానివారికి బొమ్మలతో వేరే పరీక్ష పెట్టింది, అందులోనూ లోపాలున్న మాట నిజమే. మన దేశంలో కామత్ అనే విద్యావేత్త బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచారు. పరీక్ష మనిషికి వచ్చిన భాషకు తగ్గట్టు ఉండాలని అంత ముందే వారికి తట్టిన విషయాన్ని నేడు పక్కన పెట్టడం నాకు బాధ కలిగిస్తోంది.

పరీక్షలే వద్దని నా అభిప్రాయం కాదు. నిజంగా సాయం అవసరమైన పిల్లలకు ప్రభుత్వ సదుపాయాలు అందేది వాటివల్లే. అయితే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం బుద్ధిమాంద్యాన్ని నిర్ణయించాలంటే ఆలోచనాశక్తితో పాటు రోజువారీ పనులు చేసుకోగలిగే నేర్పును కూడా చూడాలి. తమ్ముణ్ని తయారుచేసి బడికి తీసుకెళ్లే ఈ అబ్బాయి నేర్పు గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

పరీక్ష ఏ భాషలో జరిగిందో, అది పిల్లవాడికి ఎంతవరకు వచ్చో నివేదికలో రాయడం తప్పనిసరి చేయాలని కర్ణాటక విద్యాశాఖను కోరుతున్నాను. తెలుగు వచ్చిన నిపుణుల చేత మళ్లీ పరీక్ష చేయించేదాకా అబ్బాయిని పంపించేయవద్దని బడివారికి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
విశ్రాంత గణితోపాధ్యాయుడు,
మారతహళ్లి, బెంగళూరు