కత్తుల సెట్టు అమ్మెయ్యకు

ఖమ్మం,
ఆదివారం రాత్రి.

అమ్మలూ,

ఫోన్లో చెప్తే అయిపోయేదానికి ఉత్తరం ఏంటని మీ అమ్మ నవ్వుతోంది. ఫోన్లో అయితే నువ్వు "సరే నాన్నా, ఆర్డర్లొచ్చాయి, ఉంటా" అంటావు, నేను "సరేలేమ్మా" అంటాను. మన మాటలెప్పుడూ అక్కడే తెగిపోతాయి. అందుకే టిఫిన్ బండి కడిగేసి, రేపటికి పెసలు నానబోసి, నీ పాత నోట్సులో ఖాళీ కాగితాలు చించుకుని కూర్చున్నాను.

పోయిన వారం, రెస్టారెంటులో వంట మానేసి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచరునవుతానంటూ "ఈ పనికి అర్థం లేదు నాన్నా" అన్నావు. నిజం చెప్పనా, మూడు రోజులు ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. నువ్వు నీ రెస్టారెంటు గురించే అన్నావని తెలుసు. కానీ ముప్పై నాలుగేళ్లుగా పెనం ముందు నిలబడ్డవాడి చెవిలో అది వేరేగా పడుతుంది. నీ ఫీజులు కట్టింది ఆ అట్లే కదా.

నాలుగో రోజు తెల్లారి ఆరింటికి ఆస్పత్రి నుంచి ఒకాయన వచ్చాడు. రాత్రి భార్యకు ఆపరేషన్ అయిందట. పిల్లలకని ఇడ్లీ పార్సిల్ చెప్పి, అది కట్టేలోపు నిలబడే ఒక పెసరట్టు తిన్నాడు. రెండో ముక్క నోట్లో పెట్టుకున్నాక ఆయన భుజాలు కిందికి దిగాయి. అడక్కుండానే అల్లం పచ్చడి ఇంకో గరిటె వేశాను, వద్దనలేదు. అప్పుడు తట్టింది నాకు. నాకు తినేవాళ్ల మొహం కనిపిస్తుంది, నీకు కనిపించదు. మీ కిచెన్ చూశాను కదా ఆ రోజు. బేస్‌మెంటు, ఒక్క కిటికీ లేదు. మిషన్లోంచి ఆర్డరు రాసిన కేఓటీ చీటీ ఊడిపడుతుంది, మీరు వండుతారు, ప్లేటు చిన్న లిఫ్టులో పైకి పోతుంది, ఇంకాసేపటికి ఖాళీగానో సగం మిగిలో కిందికొస్తుంది. ఫోటో తీసుకుని సగం వదిలేస్తున్నారని నువ్వు బాధపడేదానివి. ఆ మధ్యలో ఏం జరిగిందో నీకెవరూ చెప్పరు. ఆరేళ్లు అలా చేస్తే నేనైనా ఆ మాటే అంటాను. ఇది అర్థమయ్యాక ఆ ముల్లు దిగిపోయింది.

ఇప్పుడు మన బుజ్జిబాబు సంగతి రాస్తాను, వాడూ అలాంటి పిల్లవాడే కదా. నీకు తెలిసిందే, కానీ నా వైపు నుంచి తెలీదు.

వాళ్లమ్మ వచ్చి "పందొమ్మిదేళ్లొచ్చాయి అన్నయ్యా, ఇంట్లోనే కూర్చుంటున్నాడు, పొద్దున ఓ గంట మీ దగ్గర నిలబడనివ్వండి" అని అడిగితే కాదనలేక సరేనన్నాను. వాడికి చెప్పిన పని చిన్నదే. ప్లేటు తీసి, ఆకు ముక్క తడిగుడ్డతో తుడిచి, ప్లేట్లో వేసి నాకివ్వడం. మూడు వారాలు చెప్పాను. నేను చెప్పిందంతా విని నవ్వేవాడు, ఆకు చేత్తో పట్టుకుని అలాగే నిలబడేవాడు. ఎదురుగా పదిమంది ఆకలితో ఉంటే నాకు నోరు లేచేది. ఒకరోజు గట్టిగా అరిచాను. బల్ల కింద దూరి కూర్చున్నాడు. ఆ సంగతి నీకు చెప్పలేదు, సిగ్గేసింది.

తర్వాత నువ్వు సంక్రాంతి అయ్యాక వచ్చావు. (పండక్కి అందరికీ సెలవులు, మన వృత్తిలో మాత్రం పండగ వెళ్లాకే.) నువ్వేం చేస్తున్నావో మొదట నాకు అర్థం కాలేదు. ప్లేటు నువ్వే తీశావు, ఆకు నువ్వే తుడిచావు, నువ్వే వేశావు. వాడి చేతికిచ్చి "నాన్నకివ్వు" అన్నావు. అంతే. రెండు రోజులు వాడికి అదొక్కటే పని. మూడో రోజు ఆకు వేయడం, ఇవ్వడం. ఆ తర్వాత తుడవడం కలిపావు. ప్లేటు ఎక్కడ పెట్టాలో బల్ల మీద సుద్దముక్కతో గుండ్రం గీశావు. నువ్వు హైదరాబాద్ బస్సెక్కే రోజుకి వాడు నావైపు చూడకుండానే ప్లేట్లు అందిస్తున్నాడు. ఇచ్చిన ప్రతిసారీ "అయిపోయింది!" అని అరుస్తాడు చూడు, ఇప్పుడు గిరాకీలు కూడా వాడితో కలిసి అరుస్తున్నారు.

దీన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారని నువ్వు మంగళవారాలు వెళ్లే ఇలాంటి పిల్లల స్కూల్లో టీచరుగారు చెప్పారన్నావు. పనిని ముక్కలు చేసి చివరి ముక్క నుంచి నేర్పితే, ఎంత చేసినా పూర్తి చేసింది తనే అని పిల్లవాడికి అనిపిస్తుందట. అది వినగానే నాకు విజయవాడ గాంధీనగరం గుర్తొచ్చింది. అక్కడి హోటల్లో మా పెద్ద వంటమాస్టరు నాకు అట్టు వేయడం నేర్పింది అచ్చం ఇలాగే. మొదటి నెల మడిచి ప్లేట్లో పెట్టడం ఒక్కటే. తర్వాత అంచుల చుట్టూ నూనె, తర్వాత తిప్పడం. పిండి గిన్నె చేతికిచ్చింది అన్నిటికంటే ఆఖరున. ఆయనకి చదువు లేదు, నాకు ఓపిక లేక మర్చిపోయాను, నీకు ఇట్టే పట్టుబడింది. అందుకే ఆ పని మానేసి ఈ పనిలోకి పోతున్నానని నువ్వంటే నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కావడంలేదు. ఏదో ఒకటి వెంట తీసుకెళ్తున్నావు.

ఇంక అసలు విషయాలు. మన దగ్గర రోజూ నాలుగిడ్లీ తినే స్కూలు మాస్టారుని కూర్చోబెట్టి అన్నీ అడిగాను. ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరు కోర్సు, స్పెషల్ డీఎడ్, రెండేళ్లు, ఇంటర్లో యాభై శాతం ఉండాలి, నీకు అరవై దాటింది కాబట్టి అక్కడ టెన్షన్ లేదు. కాలేజీకి ఈ కోర్సుల్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు చూసుకో. ఆ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేకపోతే స్పెషల్ టీచరుగా పనిచేయడానికి చట్టం ఒప్పుకోదట, ఐదేళ్లకోసారి రెన్యువల్ కూడా ఉందట. మన బండి లైసెన్సు లాగానే అన్నమాట. 2021లో సుప్రీంకోర్టు ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని చెప్పిందని మాస్టారు అన్నారు. మన తెలంగాణలో 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చిన్న తరగతుల టీచర్లు, అంటే ఎస్జీటీలు, 796, పై తరగతులకి స్కూల్ అసిస్టెంట్లు 220. టెట్ కూడా రాయాలి. అయితే ఆయనే ఇంకో మాట చెప్పారు: ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత సెంటర్లలో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఉన్నారు, జీతం నీ ఇప్పటి జీతం కంటే పెద్దగా ఉండదు. అది తెలిసే దిగు.

నువ్వు రెండుసార్లు "సేవ" అన్నావు. నాకది నచ్చలేదు. సేవ అనుకుంటూ వెళ్తే నెలాఖరుకి జీతం అడగడానికి నీకే మొహమాటం వస్తుంది, ఇచ్చేవాడికి ఇంకా సులువు. ఇది పని. నేర్చుకుని చేసే పని, జీతం తీసుకుని చేసే పని. ఇంకోటి, నీ కోపం నా దగ్గర్నుంచే వచ్చింది. కిచెన్లో రష్ టైములో అరిస్తే రాత్రికి అందరూ మర్చిపోతారు. బల్ల కింద దూరిన పిల్లవాడిని బయటికి తేవడానికి నాకు ఎన్ని జిలేబీలు పట్టాయో నాకే తెలుసు.

డబ్బు గురించి ఒక పాత సంగతి చెప్పాలి. 1997లో నాకు ఆర్టీసీ కండక్టర్ ఇంటర్వ్యూకి కాగితం వచ్చింది. మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. అప్పటికి మీ మేనత్త పెళ్లికని హోటల్ ఓనరు దగ్గర నాలుగు వేలు అడ్వాన్సు తీసుకుని ఉన్నాను. "బాకీ తీర్చి ఎక్కడికైనా పో" అన్నాడాయన. తప్పేం కాదు, లెక్క లెక్కే. ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను సాంబారు పోపు పెడుతున్నాను. ఆ కాగితం చాలాకాలం పర్సులో ఉండేది, ఎప్పుడు చిరిగిపోయిందో తెలీదు. కండక్టరునైతే బాగుపడేవాడినని చెప్పలేను. వెళ్లి చూడలేకపోయానే అన్నది మాత్రం ఇప్పటికీ ఉంది.

అందుకని మీ మేనేజరు ప్రమోషన్ ఇస్తాం, రెండు నెలల జీతం అడ్వాన్సుగా ఇస్తాం, ఏడాది ఉండమంటున్నాడన్నావే, ఒక్క రూపాయి తీసుకోకు. నీ లోను ఇంకా ఏడు నెలలుంది కదా. నా రెండు లక్షల చీటీలో పద్నాలుగు నెలలు కట్టేశాను, ఇంకా ఆరే మిగిలాయి. ఇప్పుడు పాడితే పెద్దగా పోదు. వచ్చే నెల పాడతాను. లోను కట్టేయగా మిగిలింది నీ మొదటి ఏడాది ఫీజుకి ఉంచుకో. ఇది పెళ్లి డబ్బు కదా అని మీ అమ్మ అడుగుతుందని భయపడ్డాను. "పెళ్లికొడుకు ఏమన్నా గేటు దగ్గర నిలబడున్నాడా" అంది.

పక్కనే కూర్చుని ఒక మాట రాయమంటోంది: ఎంతమందికి వండినా రాత్రి పన్నెండింటికి నూడుల్స్ ప్యాకెట్టు తినే ఉద్యోగం పోతున్నందుకు తనకి సంతోషమేనట. స్కూలు మధ్యాహ్నం అన్నానికి బెల్లు కొడుతుంది కదా అంటోంది.

నెల నోటీసు కాగితం మీద ఇవ్వు, నోటిమాటగా వద్దు. పీఎఫ్ నంబరు రాసి పెట్టుకో. మీ చెఫ్‌కి నువ్వే వెళ్లి చెప్పు, వేరేవాళ్ల ద్వారా తెలియనివ్వకు. నీకు పని నేర్పినాయన.

నీ కత్తుల సెట్టు అమ్మేద్దామనుకుంటున్నానన్నావు. అమ్మకు, వచ్చేటప్పుడు పట్టుకురా. మన ఉల్లిపాయల కత్తికి అస్సలు పదును లేదు. బుజ్జిబాబు రోజూ అక్క ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు. ఆదివారం అని చెప్పాను. ఏ ఆదివారమో చెప్పలేదు.

మీ నాన్న