పాట రికార్డింగుకు గేమింగ్ లాప్‌టాప్ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

కాలేజీలు తెరిచే రోజుల్లో పత్రికలన్నీ ఏ లాప్‌టాప్ కొనాలో చెబుతూ పట్టికలు వేస్తాయి. చదువుకి ఇది, ఆఫీసుకి ఇది, గేములకి ఇది అని. ఇంట్లో కూర్చుని పాట రికార్డు చేసుకునేవాళ్లకి ఏది అన్న వరస మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. తిరుపతిలో ఆ వరస చాలామందికి కావాలండీ. నేను బైరాగిపట్టెడలో పిల్లలకు గాత్రం నేర్పుతాను, నా దగ్గరికొచ్చే పెద్ద పిల్లల్లో సగం మంది ఇంట్లోనే అన్నమయ్య కీర్తనలు పాడి యూట్యూబ్‌లో పెడుతున్నారు.

ఈ ఉత్తరం రాయడానికి కారణం నా శిష్యురాలు ఒకమ్మాయి. వాళ్లమ్మ గాజులు కుదువపెట్టి డబ్బు తెచ్చింది. పాటలు రికార్డు చేసుకోవాలి అని చెబితే షాపులో గేమింగ్ లాప్‌టాప్ చేతిలో పెట్టి, ఇంతకన్నా పవర్‌ఫుల్ ఇంకోటి లేదన్నారట. 85 వేలు. ఇంటికి తెచ్చి సీలింగ్ ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, మే నెల ఎండలో చెమటలు కక్కుతూ పాడితే, వింటే ఏముంది, పాట వెనకాల మొదటి నుంచి చివరిదాకా లాప్‌టాప్ ఫ్యాన్ హోరు. ఆ గది వేడికి అది తగ్గనే తగ్గదు. ఆ పిల్ల నా ముందు కూర్చుని ఏడ్చింది.

అందులో ఉన్న ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు గేములకు, వీడియో పనికి పనికొస్తుంది కానీ గొంతు రికార్డు చేయడానికి దాదాపు ఏమీ చేయదు, పైగా వేడి పుట్టించి ఫ్యాన్‌ని పరుగెత్తిస్తుంది. గొంతు ఒకటి, వయొలిన్ ఒకటి, మృదంగానికి రెండు మైకులు, మొత్తం నాలుగు ట్రాకులు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అనే రికార్డింగ్ నాణ్యతలో ఒక్కో ట్రాకుకి నిమిషానికి 9 మెగాబైట్ల లోపే పడుతుంది. అయిదారేళ్ల కిందటి మామూలు కంప్యూటర్ కూడా ఈ బరువు సులువుగా మోస్తుంది. ప్రాసెసర్ మీద, మెమరీ మీద నిజంగా భారం పడేది కంప్యూటర్‌లోనే వీణ, తబలా, ఆర్కెస్ట్రా మోగించే సాఫ్ట్‌వేర్లు వాడినప్పుడు. అలాంటి పని చేసేవాళ్లు 16 జీబీ ర్యామ్‌కి తక్కువ తీసుకోకూడదు, పాడుకునేవాళ్లకి 8 సరిపోతుంది. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ ఉంటే తిరిగే చప్పుడు కూడా ఉండదు.

ఫ్యాన్ చప్పుడు తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చు కదా అని చాలామంది అంటారు. తీయొచ్చు, కానీ దాంతోపాటు గమకం చివర సన్నగా తగ్గే గొంతు, వెనక నిలకడగా మోగే తంబురా నాదం కూడా కొంత కొట్టుకుపోతాయి. మన సంగీతానికి ప్రాణమే అక్కడుంటే, దాన్ని పోగొట్టుకుని శుభ్రం చేసుకోవడం ఏం లాభం? అందుకే నేను పిల్లలకు చెప్పేది ఒకటే, షాపులో ఆ యంత్రం పది నిమిషాలు నడిపించి చెవి దగ్గర పెట్టుకుని వినండి, తర్వాతే మిగతా అంకెలు చూడండి అని. 2020లో ఎం1 చిప్‌తో వచ్చినప్పటి నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు, గ్యారేజ్‌బ్యాండ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా వస్తుంది. ధర ఎక్కువే, ర్యామ్ తర్వాత పెంచుకోవడానికీ ఉండదు, కాబట్టి కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఇంకో తిప్పలు లేటెన్సీ, అంటే మనం పాడింది కంప్యూటర్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్‌లోకి తిరిగొచ్చేసరికి అయ్యే ఆలస్యం. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే శబ్దపు శాంపిళ్ల సంఖ్య, 512 పెడితే 48 కిలోహెర్ట్జ్‌లో వెళ్లడానికి 10 మిల్లీసెకన్ల పైన, రావడానికి మళ్లీ అంత. ఆ 20 మిల్లీసెకన్లలో గాలిలో శబ్దం 7 మీటర్లు పోతుంది, మృదంగం ఆయన పక్కన కాకుండా హాల్లో జనం మధ్య కూర్చుని వాయించినట్టు ఉంటుంది, తాళం నిలవదు. 128కి దించితే ఆలస్యం తగ్గుతుంది కానీ బలహీనమైన కంప్యూటర్ టప్ టప్‌మని శబ్దాలు చేస్తుంది. దీన్ని చూపించే షాపులవాళ్లు ఖరీదైన ప్రాసెసర్ అంటగడతారు. కానీ చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో, అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెల్లో, డైరెక్ట్ మానిటరింగ్ ఉంటుంది, మన గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లిరాకుండా నేరుగా చెవిలో పడుతుంది. గాయకులకి అది చాలు. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవరే (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకోవాలి, రికార్డింగ్ జరిగేటప్పుడు వైఫై ఆపేయాలి. గుంయ్‌మని హమ్మింగ్ వస్తే ఒకసారి చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి, అప్పుడు ఆగిపోతే ముందు ఇంటి ఎర్తింగ్‌ని అనుమానించాలి.

పాత లాప్‌టాప్ కొనేవాళ్లకి ఒక మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇంటెల్ అయితే 8వ తరం ప్రాసెసర్ నుంచే విండోస్ 11కి అధికారికంగా కుదురుతుంది, అది చూడకుండా డబ్బు కట్టొద్దు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి అడాసిటీ ఉచితం, రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు.

ఇదంతా నాకెందుకు ఇంత పట్టింపు అంటే, తాళ్లపాకవారి రాగిరేకుల మీద సాహిత్యం దొరికింది, రాగం పేరు దొరికింది, పాడిన తీరు దొరకలేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి నుంచి గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారి దాకా ఎందరో కూర్చుని మళ్లీ స్వరపరచాల్సి వచ్చింది. ఇప్పుడు మా వీధిలో ఎనభై దాటిన అవ్వ ఒకామె దగ్గర మంగళహారతులు ఉన్నాయి, వాటి బాణీలు ఇంకెవరి నోటా నేను వినలేదు. నా శిష్యురాలు రికార్డింగ్ మొదలుపెట్టింది ముఖ్యంగా వాటి కోసమే.

ఇక మీకు నా విన్నపం. ఈసారి పట్టిక వేసేటప్పుడు ధర, ర్యామ్, బ్యాటరీ పక్కన ఫ్యాన్ చప్పుడు ఎంత అన్న గడి ఒకటి చేర్చండి. షాపులవాళ్లు కూడా మీ పేజీ చదువుతారు, కొనేవాళ్లు అడగడం మొదలుపెడతారు. ఆ అమ్మాయి లాప్‌టాప్‌ని షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. పొడవాటి కేబుల్ వేసి దాన్ని వంటింట్లో పెట్టి, తెల్లవారుజామున 4 గంటలకు, గది చల్లగా ఉన్నప్పుడు అవ్వని కూర్చోబెట్టి రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి.

ఇట్లు,
ఒక సంగీతం టీచర్,
బైరాగిపట్టెడ, తిరుపతి