రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ: కోటిపల్లి దాకా ఉన్న పట్టాల మీదైనా రైలు నడపండి

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. అమలాపురం దగ్గర పల్లెటూళ్లో కొబ్బరి వ్యాపారం చేసుకునే మనిషిని. మా కోనసీమ మీదుగా వేయాల్సిన కోటిపల్లి–నరసాపురం రైలు లైను గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. మా వైపు నుంచి ఎవరు గెలిచి ఢిల్లీ వచ్చినా మీ శాఖ గుమ్మం తొక్కి, శాలువా కప్పి, ఫొటో దిగి, చేతిలో పెట్టేది ఆ లైను వినతిపత్రమే కాబట్టి ఆ ఫైలు మాకంటే మీకే బాగా తెలిసి ఉంటుంది. అందుకే చరిత్ర జోలికి పోను. ఎంత వద్దనుకున్నా మధ్యలో కాస్త వస్తుంది, ఏమీ అనుకోకండి.

ఇది నేను రాస్తున్న మొదటి ఉత్తరం కూడా కాదు. చేత్తో రాసి ఇచ్చాను, మీసేవలో టైపు చేయించి ఇచ్చాను, పిల్లల చేత ఆన్‌లైన్‌లో పెట్టించాను. ఒక కార్యాలయం వాళ్లు ఇది మా పరిధి కాదు, పైకి పంపాం అన్నారు. పైవాళ్లు కిందికి పంపారు. చివరికి ఒక రోజు కురిడీ కాయ, అదే ఎండు కొబ్బరికాయ, కొట్టిస్తుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవలతో మీరు సంతృప్తి చెందారా, ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె నొక్కండి అని. రైలు కోసం పెట్టిన అర్జీ పరిష్కారమైందంటే రైలు వచ్చినట్టే కదండీ. పక్కనున్న కూలీలకు చదివి వినిపిస్తే, అయితే బావగారూ, ఏ ప్లాట్‌ఫారమ్ మీదికొస్తుందో కూడా అడగండి అన్నారు. నేను ఏ అంకె నొక్కానో మీ ఊహకే వదిలేస్తున్నాను.

సరే, విషయానికి వస్తాను. ముక్తేశ్వరం రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కి కోటిపల్లి దాటుతుంటే గోదావరి గౌతమి పాయలో మీ వంతెన పిల్లర్లు కనపడతాయి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఇవేంటని అడిగితే, మా రైలు వంతెనండీ అని చెప్పుకోవడం కొన్నాళ్లు గొప్పగానే ఉండేది. ఇప్పుడు అడక్కముందే మాట మార్చేస్తున్నాం. 2000–01లో మంజూరైన 57 కిలోమీటర్ల లైను ఇది. ఏడాదికి రెండున్నర కిలోమీటర్లు చొప్పున తీరిగ్గా వేసుకుంటూ వచ్చినా ఈపాటికి నరసాపురంలో తేలేవాళ్లం. మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలున్నాయి, కష్టమైన పనే, కాదనను. కానీ ఇదే గోదావరి మీద, సిమెంటు మిక్సర్లూ క్రేన్లూ లేని రోజుల్లో, 1847లో మొదలెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టేశాడు కాటన్ దొర. ఆయన ఫొటోకి మేం ఇప్పటికీ ఎందుకు దండ వేస్తామో మీకు అర్థం కావాలనే ఈ మాట ఎత్తాను.

బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పుడు మంజూరైన లైను. ఆయన 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఇప్పుడు వాళ్ల అబ్బాయే మా ఎంపీ. తండ్రి హయాంలో మంజూరైన లైను గురించి కొడుకు కూడా అడగాల్సి వస్తోంది. మనవడి దాకా రానివ్వకండి, అంతకంటే ఏం చెప్పగలను.

డబ్బు సంగతి అడిగితే రాష్ట్రం వాటా 25 శాతం రావాలంటారు మీ వాళ్లు. ఇక్కడి వాళ్లనడిగితే ఇస్తాం, చూస్తాం అంటారు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, ఢిల్లీలోనూ ఇక్కడా ఒకరికొకరు మిత్రులుగా ఉన్న రోజులు చూశాం, మాట్లాడుకోని రోజులూ చూశాం. వాటా మాత్రం తేలలేదు. ఈలోగా అంచనా రెండు వేల కోట్లు దాటిపోయింది. మా దగ్గర అన్నదమ్ములు గట్టు తగాదా పెట్టుకుంటే పెద్దమనుషులు ఒక పూటలో తేల్చేస్తారండి, మీరిద్దరూ ఒక గదిలో కూర్చుని తలుపేసుకుంటే తేలదా?

మీకు అసలు చెప్పాలనుకున్నది ఇది కూడా కాదు. సర్వే రాయి గురించి.

మా పెదనాన్న గారి అబ్బాయి తోటలో మీ లైను కోసం పాతిన రాయి ఒకటుంది. దాని మీద ఎర్ర రంగుతో ఏదో నంబరు ఉండేది, వానలకి పోయింది. కొబ్బరికాయల దింపు తీయడానికి వచ్చినవాళ్లు ఇప్పుడు దాని మీద కత్తి నూరుకుంటున్నారు. ఆ రాయి పాతిన దగ్గర్నుంచి అన్నయ్య ఆ భూమి చెక్కని అమ్మలేడు, రైల్లో పోయే భూమి ఎవరు కొంటారు? అప్పుకి వెళితే కాగితాలు తిరగేసి, లైను సంగతి తేలాక రమ్మంటారు. చెట్లు ముదిరిపోయి కాపు తగ్గింది, కొట్టేసి కొత్త మొక్కలు వేద్దామంటే అవి కాపుకొచ్చేసరికి ఐదారేళ్లు పడుతుంది, అప్పటికి పట్టాలు వచ్చేస్తాయేమో అని వేయడు. ఇలా అనుకుంటూ ఉండగానే, మొదట్లో ధైర్యం చేసి మొక్క వేసినవాళ్లు నాలుగైదు దింపులు కాదు, ఎన్నో ఏళ్ల పంట తినేశారు. రాయిని నమ్మి ఆగినవాడు నష్టపోయాడు, రాయిని లెక్కచేయనివాడు బాగుపడ్డాడు. ప్రభుత్వం పాతిన రాయికి ఈ గతి పట్టకూడదండి. భూమి తీసుకుంటే తీసుకోండి, డబ్బు చేతిలో పెట్టండి, లేదంటే రాయి పీకేసి నీ భూమి నువ్వు దున్నుకోమనండి. మా వదిన వేసవిలో వడియాలు ఎండబెట్టే గుడ్డకి ఒక అంచు ఆ రాయికే కడుతుంది. ఇప్పటిదాకా మీ లైను వల్ల మా ఇంటికి జరిగిన మేలు అదొక్కటే.

కోనసీమ అంటే బయటివాళ్లకి సినిమాల్లో చూసిన కాలవగట్టూ, పడవ, బొబ్బట్లూ. వాళ్లకి 2011లో ఇక్కడి రైతులు సార్వా మానేసి పొలాలు బీడు పెట్టిన సంగతి గుర్తుండదు. శంకరగుప్తం డ్రెయిన్ పక్కన ఉప్పునీరెక్కి మొవ్వు ఎండిపోయిన కొబ్బరి తోటలు వాళ్లకి చూపించరు. రాజోలు, మలికిపురం వైపు ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో వంట చేస్తుంటే పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. కాకినాడలో ఓడరేవుంది, ఫ్యాక్టరీలున్నాయి, ఆఫీసులున్నాయి. అమలాపురం నుంచి పొద్దున్న రైలెక్కి వెళ్లి రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినే వీలుంటే సగం మంది ఊళ్లోనే ఉంటారు. మా మేనకోడలికి అక్కడే ఉద్యోగం వచ్చింది, రోజూ బస్సులో తిరిగి చూసింది, ఒళ్లు హూనమై హాస్టల్లో చేరింది. జీతంలో హాస్టల్‌కి పోగా మిగిలేది చూస్తే ఊళ్లో ట్యూషన్లు చెప్పుకున్నా అంతే వచ్చేది అంటుంది వాళ్లమ్మ. కొత్తగా జిల్లా ఇచ్చారు, 2022 ఏప్రిల్ నుంచి అమలాపురం జిల్లా కేంద్రం. రైల్వే స్టేషన్ లేని జిల్లా కేంద్రం.

ఇక బయటికెళ్లాలంటే రాజమండ్రి. ఊళ్లోంచి అమలాపురం ఒక బస్సు, అక్కణ్ణుంచి కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి ఇంకో బస్సు, రావులపాలెం సెంటర్లో ట్రాఫిక్ ఆగితే టెన్షన్, రైలు వెళ్లిపోతుందేమో అని డ్రైవర్ వెనకాలే నిలబడి వాచీ చూసుకోవడం. వెళ్లేటప్పుడు ఇంత. వచ్చేటప్పుడు తెల్లవారకముందే స్టేషన్లో దిగితే మొదటి బస్సు కోసం సంచుల మీద కూర్చోవాలి, లేదా కారువాడు చెప్పిన రేటుకి తలాడించాలి. కాకినాడ నుంచి హైదరాబాద్‌కి గౌతమీ ఎక్స్‌ప్రెస్ అని మంచి పేరే పెట్టారు. గౌతమికి ఇవతల ఒడ్డునున్న మాకు దాని కూత కూడా వినపడదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పిల్లలు రావాలంటే ప్రైవేటు బస్సు టికెట్ చూసి, ఈసారి రాము నాన్నా, ఉగాదికి వస్తాం అంటున్నారు. మా ఇంట్లో ప్రభల తీర్థం వీడియో కాల్‌లో అయిపోతోంది.

ఆర్టీసీ మీ శాఖ కాదని తెలుసు, అయినా చెబుతాను, వినేవాళ్లు ఎవరో ఒకరు వింటారని. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం అన్నారు, మంచి పని, మా ఆవిడ జీరో టికెట్ పర్సులో దాచుకుంది. కాని పల్లెవెలుగు బస్సు పెరగకుండా ఎక్కేవాళ్లు పెరిగితే ఏమవుతుందో మా ఊరి సెంటర్లో పొద్దున్న కాలేజీ టైములో నిలబడితే తెలుస్తుంది. ఆడపిల్లలు లోపల ఇరుక్కుని, మగపిల్లలు ఫుట్‌బోర్డు మీద, ముసలాళ్లు రోడ్డు మీద. లంక గ్రామాల వాళ్ల సంగతి ఇంకా ఘోరం. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పంటు కట్టేస్తారు, కాజ్‌వేలు మునిగిపోతాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడైతే ఎవరు ఎక్కడున్నారో అక్కడే.

మీ ఇంజనీర్లు గోదావరి పాయల మీద వంతెనలు, మెత్తటి నేల, లోతైన పునాదులు అని కారణాలు చెబుతారు. ఉండొచ్చు. మరి మా భూముల కింద గ్యాసు కోసం వేల అడుగులు తవ్వినప్పుడు ఆ నేల మెత్తగా లేదా? 1995లో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండితే ఊళ్లు ఖాళీ చేసి పారిపోయింది మేమే. 2014 జూన్‌లో నగరం అనే మా ఊళ్లో గ్యాస్ పైపు పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయింది ఇక్కడే. పైపులు కాలవలు దాటాయి, పాయలు దాటాయి, తోటల కిందుగా వెళ్లి బయటి ఊళ్లలో ఫ్యాక్టరీలు నడుపుతున్నాయి. ఇక్కడి నుంచి తీసుకెళ్లడానికి లేని అడ్డం ఇక్కడికి తేవడానికి వచ్చింది. కోపం కాదండి, అనుమానం.

నా వ్యాపారం సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. అంబాజీపేట నుంచి కాయ ఎటు వెళ్లినా లారీయే, గుజరాత్ అయినా, మహారాష్ట్ర అయినా, రాజస్థాన్ అయినా. డీజిల్ పెరిగి కిరాయి పెరిగితే అక్కడి సేటు ఇవ్వడు, మేం మాత్రం ఎక్కణ్ణుంచి ఇస్తాం, వెయ్యి కాయకి రైతుకిచ్చే ధరలో కోస్తాం. అంటే లారీ కిరాయి కట్టేది చివరికి చెట్టున్నవాడే. కురిడీలో గండేరా రకం ధర ఇంత, గటగట రకం ధర ఇంత అని పేపర్లో చూసి రైతు సంబరపడతాడు, అతని చేతికొచ్చేసరికి అందులో డీజిల్ ఎంత పోయిందో ఆ పేపర్లో ఉండదు. అమలాపురంలో ఒక గూడ్స్ షెడ్డుంటే, పీచు మూటలకీ కాయకీ వ్యాగన్ దొరికితే, కొంతైనా మిగులుతుంది. నరసాపురంలో ఇప్పటికే స్టేషనుంది. అక్కడి లేసు అల్లే ఆడవాళ్లకీ ఇటు కాకినాడ ఓడరేవుకీ మధ్య అడ్డం మేమే, మా మూడు పాయలే.

పోనీ వంతెనలు ఆలస్యమవుతాయి, ఒప్పుకున్నాం. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా పట్టాలున్నాయి కదా! 1928లో వేసిన లైనుని తెల్లవాళ్లు రెండో ప్రపంచ యుద్ధంలో పీక్కుపోతే, మళ్లీ 2004లో 45 కిలోమీటర్లు వేసి ఇచ్చారు. దాని మీద రైల్‌బస్సు తిరిగేది. ఒంటి బోగీ, నెమ్మది, అయినా రామచంద్రపురం, ద్రాక్షారామం వాళ్లు ఎక్కేవాళ్లు. పంటు దాటి వెళ్లి మేమూ ఎక్కేవాళ్లం. కరోనాలో ఆపారు. దేశంలో ఆగిన రైళ్లు చాలావరకు తర్వాత కూత పెట్టాయి, వందే భారత్‌లు కూడా వచ్చాయి, మా ఒంటి బోగీకి మాత్రం ఏళ్లు గడిచినా కరోనా తగ్గలేదు. జనం ఎక్కడం లేదు, నష్టం వస్తోందంటారు. ఎవరి టైముకీ కుదరకుండా నడిపి, జనం రాలేదని ఆపేయడం న్యాయమేనా? కాలేజీ టైముకి ఒకటి, ఆఫీసు టైముకి ఒకటి, సాయంత్రం తిరిగి రావడానికి రెండు, మామూలు మెమూ ప్యాసింజర్ బోగీలతో ఒక ఏడాది నడిపి చూడండి. అప్పుడు ఎక్కకపోతే మీరు చెప్పినట్టే వింటాం.

అయ్యా, కోనసీమని బాగుచేయమని పెద్ద పెద్ద మాటలు అడగడం లేదు. సదస్సులు వద్దు, టూరిజం సర్క్యూట్ అని రంగుల పుస్తకం వద్దు, బడ్జెట్ రోజున ఇన్ని కోట్లు కేటాయించాం అని టీవీలో వేయించి మార్చికల్లా వెనక్కి తీసుకోవడం అసలే వద్దు. రాష్ట్రం వాటా సంగతి తేల్చండి. పిల్లర్ల మీద గర్డర్లు ఎప్పుడు పెడతారో చెప్పండి. రాళ్లు పాతిన భూములకి డబ్బులివ్వండి లేదా వదిలేయండి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే కోటిపల్లికి రైలు ఎప్పటి నుంచో అదొక్కటి చెప్పండి. మళ్లీ అడుగుతున్నాను, కోటిపల్లికి రైలు. జవాబులో తేదీ ఉంటే చాలు, పరిశీలనలో ఉంది అని రాసేట్టయితే కాగితం దండగ, మా దగ్గర అలాంటివి చాలా ఉన్నాయి.

మీరు ఈ వైపు వస్తే చెప్పండి, బొండం కొట్టిస్తాం, పనసపొట్టు కూరతో భోజనం పెడతాం, మర్యాదకి లోటు రాదు. కాకపోతే రాజమండ్రి స్టేషన్లో దిగి అక్కణ్ణుంచి మాలాగే బస్సులో రండి. వైనతేయ, వశిష్ఠ వంతెనల గురించి అడగాల్సినవి ఇంకా ఉన్నాయి, ఈ ఉత్తరానికి జవాబు వచ్చాక రాస్తాను.

ఇట్లు,
అమలాపురం వైపు నుంచి ఒక కొబ్బరి వ్యాపారి